నీళ్ళు తాగే మూడు నిమిషాలు

(నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే కోచ్‌ల మీద డాక్యుమెంటరీ సిరీస్ తీయబోతున్న యువకులు, వ్యాయామ ఉపాధ్యాయులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, వెనకాల కెమెరా సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. మీ రెండు జట్లూ ఇట్టా ఒకచోట కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఒకరి పని ఒకరికి తెలియకుండా దిగితే, ఆరు నెలలు కష్టపడి చివరికి మ్యాచ్ హైలైట్స్ చేతిలో పెట్టుకుని కూర్చుంటాం.

పిల్లల ఆట మీద వచ్చే వీడియోలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. విజిల్, పరుగు, గోల్, నెమ్మదిగా సాగే కేరింత, వెనక డప్పు. వాటిలో కోచ్ ఎక్కడుంటాడు? గీత అవతల నిలబడి చేతులూపుతూ అరుస్తుంటాడు. చూసినవాళ్ళు అదే కోచింగ్ అనుకుంటారు. మ్యాచ్ రోజుకి కోచ్ పని దాదాపు అయిపోయి ఉంటుంది. పరీక్ష హాలు బయట నిలబడ్డ పంతులు లాంటివాడు ఆరోజు. ఆయన అసలు పని చూడాలంటే పిల్లలు రాకముందు 15 నిమిషాలు చూడాలి, హాజరు పుస్తకం చూడాలి, మధ్యలో నీళ్ళు తాగే 3 నిమిషాలు చూడాలి, జట్టులో ఎవరెవరున్నారో పేర్లు చదివే రోజు చూడాలి. కెమెరా అక్కడ పెట్టాలి. అక్కడ ఏం జరుగుతుందో తెలియకపోతే కెమెరా పెట్టినా దానికి ఏమీ కనిపించదు. అందుకే ముందు కోచ్ పని గురించి చెప్పి, తర్వాత కెమెరా దగ్గరికి వస్తాను.

మనకు పెద్ద ఉదాహరణ మన భాష వినిపించే ఊళ్ళోనే ఉంది. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత్‌కి బంగారు పతకాలు తెచ్చిన కోచ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టుని నాలుగో స్థానందాకా తీసుకెళ్ళిన మనిషి. ఆయన వృత్తి బడిపంతులు. కుర్రవాళ్ళకు ఆయన పెట్టిన పోటీలు చూడండి: డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ళతో నడిపించుకుంటూ పోవడం, చేయకూడదు అన్న నియమంతో ఒకటి, అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతో ఇంకొకటి. ఉపన్యాసం ఇవ్వకుండా, నియమం మార్చి పిల్లవాడి చేతనే నేర్చుకునేలా చేయడం. ఈ ఒక్క కిటుకు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ఒక సాయంత్రం ప్రాక్టీసు తీసుకుందాం. 16 మంది పిల్లలు, 9 నుంచి 12 ఏళ్ళు. 60 నిమిషాలు.

కోచ్ 15 నిమిషాల ముందు వస్తాడు. మొదటి పని గ్రౌండ్ అంతా నడవడం. మన బడి గ్రౌండ్లలో ఏముంటాయో మీకు తెలుసు: పల్లేరు కాయలు, చిల్లకంప ముళ్ళు, రాత్రి ఎవరో పగలగొట్టిపోయిన సీసా పెంకులు. ఇద్దరు పెద్ద పిల్లల్ని తోడు తీసుకుని, ముగ్గురూ చెయ్యి చాపినంత ఎడంతో ఒక వరసగా నడిస్తే, ఆడే జాగా మొత్తం నాలుగైదు నిమిషాల్లో చూడొచ్చు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో ఇంకొకటి చూసుకోవాలి. ఎండాకాలం ఆ నేల నెర్రెలిస్తుంది. పిల్లవాడి మడమ పట్టేంత నెర్రె ఉంటే చీలమండ మడత పడుతుంది. అట్టాంటి చోట గీత పక్కకు జరపాలి, లేదా ఇసుక పోసి పూడ్చాలి. కొత్తపట్నం, మైపాడు వైపు ఇసుక నేలలో ఆ బాధ లేదు. కాకపోతే బంతి దొర్లదు, పిల్లలు త్వరగా అలిసిపోతారు, కాబట్టి ఆట నిడివి తగ్గించాలి.

గీతలు గీయడానికి పొడి సున్నం వాడొద్దు. దీన్ని కాస్త గట్టిగా చెబుతున్నాను. సున్నానికి చెమట తగిలినా కాలుతుంది, కంట్లో పడితే చూపే దెబ్బతింటుంది. ముగ్గుపిండి చాలు, ప్రతి ఊళ్ళో దొరుకుతుంది. రెండు మేకులకు పురికొస కట్టి, అడుగున చిల్లులు పెట్టిన డబ్బాతో ఆ తాడు వెంబడే పోసుకుంటూ పోవాలి. మూల సరిగ్గా తిరగడానికి తాపీమేస్త్రీల లెక్కే: ఒక వైపు 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు కొలిస్తే, ఆ రెండు చివర్ల మధ్య 5 మీటర్లు రావాలి. రాకపోతే మూల వంకర.

తర్వాత బంతులు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. బడికి వచ్చిన 5వ సైజు బంతితోనే మూడో తరగతి పిల్లల్ని కూడా ఆడిస్తారు. 5వ సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. 9 ఏళ్ళ బిడ్డ కాలికి అది పెద్ద బరువు. బొటనవేలితో పొడవకపోతే కదలదు, దాంతో కాలి లోపలి వైపుతో పాస్ ఇచ్చే అలవాటే రాదు. 8 నుంచి 12 ఏళ్ళవాళ్ళకు 4వ సైజు, అంటే 350 నుంచి 390 గ్రాములు. అంతకన్నా చిన్నవాళ్ళకు 3వ సైజు. 13 దాటాకే 5.

గాలి కొట్టేటప్పుడు పిన్నుని నోట్లో పెట్టి తడిపి గుచ్చడం చాలాచోట్ల చూస్తాం. అది చేయొద్దు, ఒక చుక్క నీళ్ళో కొబ్బరినూనో చాలు. పొడి పిన్ను గుచ్చితే లోపలి రబ్బరు వాల్వు చీలుతుంది, ఆ బంతి ఇక రోజూ గాలి దిగుతూనే ఉంటుంది. పిన్ను నిటారుగా పోవాలి, వంకరగా పెడితే లోపలే విరుగుతుంది. నియమావళి ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి గేజి మీద 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చు. పిల్లలకు ఆ కింది అంచు సరిపోతుంది. గేజి లేకపోతే రెండు బొటనవేళ్ళతో నొక్కండి. కాస్త లోపలికి దిగి మళ్ళీ పైకి రావాలి. రాయిలా ఉంటే గాలి తీయండి, లేకపోతే ఆ దెబ్బకు పిల్లలు బంతిని చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెడతారు. ఆ భయం ఒకసారి పడితే పోగొట్టడానికి నెలలు పడుతుంది.

గోల్‌పోస్టులు ఇనుపవి, జరిపేవి ఉంటే, వెనక కమ్మీ మీద ఇసుక బస్తాలు వేయకుండా ఒక్క నిమిషం కూడా నిలబెట్టకండి. పిల్లలు వాటికి వేలాడతారు. అవి ముందుకు పడి ప్రాణాలు పోయిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. బస్తాలు లేకపోతే పోస్టులే వద్దు. 2 మీటర్ల ఎడంతో రెండు కోన్లు, లేదా రెండు చెప్పుల జతలు పెట్టుకోండి. పిల్లల ఆటకు అంతకన్నా అక్కర్లేదు.

ఇక ఆట. 20 మంది పిల్లల్ని ఒక వరసలో నిలబెట్టి, ఒక్క బంతి పెట్టి, ఒక్కొక్కడినే వచ్చి తన్నమనే పద్ధతి మనకు బాగా అలవాటు. లెక్క వేద్దాం. ఒక్కొక్కరికి 20 సెకన్లు. 20 మందికి 400 సెకన్లు, అంటే 6 నిమిషాల 40 సెకన్లు. 40 నిమిషాల్లో ఒక బిడ్డకు బంతి దొరికేది 6 సార్లు. మిగతా 38 నిమిషాలు ఆ బిడ్డ ముందువాడి చొక్కా లాగుతూ ఉంటాడు. అప్పుడు కోచ్ అల్లరి చేస్తున్నారని అరుస్తాడు. అల్లరి పిల్లలది కాదు, వరసది.

అందుకే 16 మంది ఉంటే నలుగురు నలుగురు చొప్పున రెండు ఆటలు పెట్టాలి. ఒక్కో ఆటకు 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. పక్కపక్కన 5 మీటర్లు వదిలి గీస్తే మొత్తం 30 బై 45 మీటర్లలో సరిపోతుంది, మన హైస్కూలు గ్రౌండ్లో ఇది ఒక మూల. గోల్‌కీపర్ ఉండడు. బంతి బయటికి పోతే కోచ్ చేతిలో ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది, లోపలికి వేస్తాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగ్‌లో కూడా ఇదే సూత్రం: చిన్న పిల్లలు, చిన్న జట్లు, చిన్న గ్రౌండ్.

60 నిమిషాల్లో మొదటి 15 నిమిషాలు వార్మప్. గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించడం మానేయండి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ళ 11 ప్లస్ కిడ్స్ అని ఒక వార్మప్ పద్ధతి ఉంది, 13 ఏళ్ళలోపు పిల్లల కోసం తయారుచేసింది. 7 వ్యాయామాలు: ఒంటికాలి మీద నిలబడి బంతి విసిరి పట్టుకోవడం, ఒంటికాలి గెంతులు, పడినప్పుడు దెబ్బ తగలకుండా దొర్లడం, ఇట్టాంటివి. 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఇది చేసిన జట్లలో గాయాలు 48 శాతం తగ్గాయి. పైసా ఖర్చు లేదు. తర్వాత 12 నిమిషాలు ఆట. నీళ్ళు. మళ్ళీ 12 నిమిషాలు, ఈసారి ఒక నియమంతో. గోల్ వేసే ముందు బంతిని నలుగురూ తాకాలి, లేదా రహీం గారి పద్ధతిలో ఎడమ కాలి గోల్‌కి రెండు మార్కులు. మళ్ళీ నీళ్ళు. చివరి 10, 12 నిమిషాలు ఏ నియమమూ లేని ఆట, కోచ్ నోరు మూసుకుని చూసే ఆట. మిగిలిన కాస్త టైము పోగవడానికి, వస్తువులు లెక్క పెట్టడానికి.

ఈ నీళ్ళ విరామం దగ్గర మళ్ళీ ఆగుతాను. బయటివాళ్ళకు ఇది ఖాళీ సమయం. కెమెరా పిల్లలు సాధారణంగా ఇప్పుడే బ్యాటరీ మార్చుకుంటారు. కోచ్‌కి ఇదే అసలు సమయం.

చూడండి, విజిల్ పడింది. 16 మంది బిందె దగ్గరికి పరిగెత్తారు. ముందెవరు తాగుతున్నారు, చివరికెవరు మిగిలారు? రోజూ చివర మిగిలే బిడ్డ ఒకడుంటాడు. ఎవరు తన గ్లాసు పక్కవాడికి ఇవ్వట్లేదు? కొన్ని ఊళ్ళలో ఆ గ్లాసు వెనక కులం ఉంటుంది, పదేళ్ళ పిల్లల్లో కూడా. తెలిసిన కోచ్ దాని మీద ఉపన్యాసం ఇవ్వడు. గ్లాసులు తీసేసి, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోండని కూడా అనడు, ఎందుకంటే అది ఆ గీతను ఇంకా గట్టిపరచడమే. నీళ్ళు పోసే పని రోజుకొకరికి వంతు వేస్తాడు. ఈరోజు వీడు అందరికీ పోస్తాడు, రేపు వాడు. వారం తిరిగేసరికి అందరూ అందరి చేతి నీళ్ళూ తాగి ఉంటారు. ఎవరైనా ఇంట్లో చెప్పి గొడవ తెస్తే, ఆ పెద్దవాళ్ళతో మాట్లాడేది కోచ్. పిల్లవాడి మీద ఆ బరువు పెట్టడు.

ఇదే 3 నిమిషాల్లో బంతి పోగొట్టి గోల్ తినిపించిన పిల్లవాడు దూరంగా చెట్టు కింద కూర్చుంటాడు. కోచ్ వెళ్ళి ఎదురుగా నిలబడడు. పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ గ్రౌండ్ వైపే చూస్తుంటారు, మొహంలో మొహం పెట్టి అడిగితే పిల్లవాడు మాట్లాడడు. "ఏం నాయనా, బంతి వచ్చినప్పుడు నీకు ఎవరు కనిపించారు?" అని అడుగుతాడు. ఎందుకు పోగొట్టావు అని అడగడు. కనిపించింది పిల్లవాడు చెబుతాడు. "ఎవరూ కనపళ్ళేదు సార్, బంతినే చూస్తన్నా." అంతే, నేర్పాల్సింది దొరికింది: బంతి రాకముందు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడటం. తర్వాతి 12 నిమిషాల్లో ఆ పిల్లవాడు తల తిప్పినప్పుడల్లా కోచ్ బొటనవేలు చూపిస్తాడు, పాస్ తప్పిపోయినా సరే. ఒక రోజుకు ఒక దిద్దుబాటు. రెండోది చెబితే మొదటిది పోతుంది.

ఆట నడుస్తుండగా "పాస్ ఇవ్వు, కొట్టు, వెనక్కి రా" అని అరిచే కోచ్‌లు మనలో ఎక్కువ. దాంతో ఏమవుతుందంటే పిల్లవాడు బంతిని, ఎదుటివాడిని వదిలేసి కోచ్ మొహం చూస్తూ ఆడతాడు. పెద్ద పోటీలో ఆ గొంతు వినపడనప్పుడు చేతులు కట్టేసినట్టు ఆగిపోతాడు. సిరీస్‌లో ఇది బాగా పట్టుకోవచ్చు: కోచ్ అరిచిన ప్రతిసారీ పిల్లవాడి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో తీయండి.

బూట్ల సంగతి. 16 మందిలో ఐదారుగురికి స్టడ్స్, అంటే అడుగున గట్టి బుడిపెలు, ఉన్న బూట్లు ఉంటాయి, మిగతావాళ్ళు వట్టి కాళ్ళు. ఇద్దరినీ ఒకే ఆటలో కలపకూడదు. స్టడ్ కింద వట్టి వేలు పడితే గోరు ఊడుతుంది, వేలు విరగొచ్చు. బూట్లున్నవాళ్ళ చేత కూడా విప్పించి అందరినీ వట్టి కాళ్ళతో ఆడించడం సులువైన దారి, నేల శుభ్రంగా ఉంటేనే. అన్నయ్య బూట్లలో గుడ్డపేలికలు కుక్కి వేసుకొచ్చే పిల్లలు ఉంటారు. ఆ బూటు లోపల పాదం జారుతుంది, బొబ్బలు, మడమ నొప్పి. అది చూసి అందరి ముందు "ఏందిరా ఈ బూట్లు" అనకూడదు. ప్రాక్టీసు అయ్యాక చూసుకోవాలి. పెద్దవాళ్ళకు చిన్నవైపోయిన బూట్లు ఒక పెట్టెలో సైజులవారీగా పెట్టి, ఎవరికి కావాల్సినవి వాళ్ళు తీసుకునేట్టు చేస్తే ఎవరూ ఎవరినీ చేయి చాపి అడగక్కర్లేదు.

తలతో ఆడించడం గురించి ఒక మాట. అమెరికా సమాఖ్య 2015లోనే 10 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలకు హెడింగ్ మాన్పించింది. ఇంగ్లండ్ 2020లో ప్రాథమిక తరగతుల పిల్లల ప్రాక్టీసులో ఆపేసింది. మనం కూడా 12 లోపు పిల్లలకు నేర్పనక్కర్లేదు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు "ఏం కాలేదు సార్" అన్నా ఆరోజు మళ్ళీ ఆటలోకి పంపకూడదు. ఎంత పెద్ద మ్యాచ్ అయినా సరే. వాంతి, మగత, తలనొప్పి పెరగడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. ఇంటికి పంపేటప్పుడు తల్లికో తండ్రికో స్వయంగా చెప్పి పంపాలి. చీలమండ బెణికితే ఐస్ గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టాలి. నూనె రాసి పిసకడం, లాగి సరిచేయడం వద్దు.

ఎండ. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం 5 లోపు పిల్లల్ని గ్రౌండ్లోకి దింపకూడదు, లేదంటే ఉదయం 6 నుంచి 7 దాకా. ప్రతి 15, 20 నిమిషాలకు నీళ్ళు. 9 నుంచి 12 ఏళ్ళ బిడ్డకు ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్లు కావాలి. 16 మందికి 60 నిమిషాలకు 10, 12 లీటర్లు, అంటే ఒక పెద్ద బిందె. బాగా చెమట పట్టే రోజుల్లో పల్చటి మజ్జిగలో ఉప్పు వేస్తే చాలు. వడదెబ్బ తగిలిన పిల్లవాడు తెలివిలో ఉండి తాగగలిగితే, లీటరు నీళ్ళకు తలకొట్టిన 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు అంతకు మించితే ప్రమాదం. మాటలో తేడా వచ్చినా, తెలివి తప్పినా నోట్లో ఏమీ పోయకండి. నీడలోకి తీసుకెళ్ళి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు హాజరు పుస్తకం. నన్నడిగితే సిరీస్‌కి కథానాయకుడు ఈ పుస్తకమే. 100 పేజీల నోటుబుక్కు చాలు. వచ్చారా లేదా అన్న గుర్తు పక్కన ఇంకొక గడి ఉండాలి: రాకపోతే ఎందుకు. వరసగా 3 రోజులు రాకపోతే కోచ్ ఇంటికి వెళ్ళాలి. వెళ్తే తెలుస్తుంది. ప్రకాశం పల్లెల్లో పొగాకు కాలంలో బ్యారన్ల దగ్గర, అంటే ఆకు ఆరబెట్టే కొట్ల దగ్గర, ఆకు అల్లే పనికి అమ్మ పోతే చిన్నతమ్ముణ్ణి చూసుకోవడానికి వీడు ఆగిపోయాడు. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు కాపలాకి నాన్నతో పాటు రాత్రిళ్ళు పోతున్నాడు, పగలు నిద్ర. కుటుంబమే పని వెతుక్కుంటూ హైదరాబాద్ పోయింది. వీటిలో ఒక్కటి కూడా "డిసిప్లిన్ లేదు" అన్న మాటతో తేలేది కాదు. తమ్ముణ్ణి కూడా గ్రౌండ్‌కి తెచ్చుకోమంటే సరిపోయే సందర్భాలు ఉన్నాయి. ఒక పాత బంతి వాడికి ఇస్తే గీత పక్కన ఆడుకుంటాడు.

ఆడపిల్లల పేర్ల దగ్గర ఆ పుస్తకం 12, 13 ఏళ్ళ దగ్గర ఖాళీ అవుతుంది. ఈడేరాక ఇంట్లోవాళ్ళు ఆపేస్తారు. నేను దీన్ని తేలిగ్గా వదలదలుచుకోలేదు. ఆపడానికి ఇంట్లోవాళ్ళు చెప్పే కారణాలు మూడు వంతులు సరిచేయగలిగినవే: బట్టలు మార్చుకునే గది లేదు, గడియపడే మరుగుదొడ్డి లేదు, చీకటి పడ్డాక ఒంటరిగా రావాలి, నిక్కరు వేసుకోవాలి. గది తాళంచెవి ఒక మేడమ్ దగ్గర ఉంచండి. ప్రాక్టీసు పొద్దు ఉండగానే ముగించండి. డిసెంబర్లో మనకు 5:45 కల్లా పొద్దు గుంకుతుంది, కాబట్టి 5:15కి ఆపాలి. ఒకే వీధివాళ్ళు కలిసి పోవాలి. ట్రాక్‌ప్యాంటుతో ఆడితే ఆటకు ఏ నష్టమూ లేదు. ఆ తల్లి దగ్గరికి కోచ్ ఒక్కడే వెళ్ళకుండా, ఆడుతున్న ఇంకో అమ్మాయి తల్లిని తీసుకెళ్తే సగం పని అయినట్టే.

జట్టు ఎంపిక గురించి క్లుప్తంగా. జాబితా గోడకు అంటించి కోచ్ వెళ్ళిపోకూడదు. పేరు లేని ప్రతి పిల్లవాడితోనూ విడిగా, ముందుగానే మాట్లాడాలి. ఎందుకు లేదు, ఏం సాధన చేయాలి, మళ్ళీ ఎప్పుడు చూస్తాను, ఈ మూడూ చెప్పాలి. బడిపిల్లల జాతీయ ఫుట్‌బాల్ పోటీ సుబ్రతో కప్ 1960 నుంచి జరుగుతోంది, మన బళ్ళ నుంచి అక్కడిదాకా పోవాలన్న కోరిక మంచిదే. కానీ 12 ఏళ్ళ వయసులో పొడుగ్గా ఉన్నవాడినే ఏరుకుంటే, 16 ఏళ్ళకు ఎదిగే పిల్లవాణ్ణి ఇప్పుడే ఇంటికి పంపేసినట్టు. ఇక్కడున్న కోచ్‌లు అఖిల భారత సమాఖ్య ఇచ్చే కోచింగ్ లైసెన్సుల్లో 'ఈ' (E), 'డీ' (D) మెట్లు ఎక్కే ప్రయత్నం చేయండి. అక్కడ ఎదుగుదల దశల గురించి పద్ధతిగా చెబుతారు.

సరే, కెమెరా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇప్పుడు మీ వంతు.

మొదటిది కాగితం. 18 ఏళ్ళలోపు ప్రతి బిడ్డకూ తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం కావాలి, తెలుగులో, వాళ్ళకు చదివి వినిపించి. ఎక్కడ చూపిస్తారు, ఎప్పుడు వద్దన్నా తీసేస్తారా, ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి అందులో ఉండాలి. బడి హెడ్మాస్టర్ అనుమతి వేరు, తల్లిదండ్రులది వేరు, బిడ్డ ఇష్టం వేరు. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ బిడ్డ మొహం తెర మీదికి రాకూడదు. ఒప్పుకోని పిల్లలకు వేరే రంగు బిబ్, అంటే చొక్కా మీద వేసే చేతుల్లేని తొడుగు, వేస్తే ఎడిటింగ్‌లో వెంటనే గుర్తుపట్టొచ్చు. అందరికీ రోజూ రంగులు మారుతుంటాయి కాబట్టి వాళ్ళు వేరుపడ్డట్టు ఉండదు. ఆ రంగు ఆరోజు ఏదో మీ లాగ్ పుస్తకంలో రాసుకోవాలి.

తీస్తుండగా ఏ బిడ్డ మీదైనా అఘాయిత్యం జరిగిందని తెలిస్తే కెమెరా కింద పెట్టండి. అది మీ కథకు సరుకు కాదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. లైంగిక నేరమైతే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెలిసిన ప్రతివాళ్ళూ పోలీసులకు చెప్పి తీరాలి. 23వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ పేరు, బడి, ఇల్లు, ఫొటో ఏదీ బయటపెట్టకూడదు. కోచ్ మీదే ఆరోపణ వచ్చినా ఇదే దారి.

ఎత్తు. పిల్లవాడి కంటి ఎత్తులో కెమెరా ఉండాలి, అంటే మీరు మోకాళ్ళ మీద కూర్చోవాలి. పైనుంచి తీస్తే వాళ్ళు చిన్నగా, దీనంగా కనిపిస్తారు, కోచ్ దేవుడిలా కనిపిస్తాడు. రెండూ నిజం కాదు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు. ఆట తీసేటప్పుడు 50 ఫ్రేములు, షట్టర్ 100వ వంతు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి తరగతి గది ట్యూబులైట్ల కింద 30 ఫ్రేముల్లో తీస్తే వెలుగు మిణుకుమిణుకుమంటుంది. ఫోన్‌తో తీసేవాళ్ళు ఏరోప్లేన్ మోడ్ పెట్టుకోండి, ఎండలో ట్రైపాడ్ మీద వదలకండి, వేడెక్కి ఆగిపోతుంది. తెల్ల తువ్వాలు కప్పి నీడలో ఉంచండి.

శబ్దం బొమ్మకన్నా ముఖ్యం. కోచ్ చొక్కాకి రెండో గుండీ కింద చిన్న మైకు పెట్టండి. తీరం దగ్గర మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది, మైకుకి బొచ్చు తొడుగు లేకపోతే ఆ రోజు మాటలన్నీ పోయినట్టే. విజిల్ ఊదినప్పుడు శబ్దం చీలిపోతుంది కాబట్టి రెండో ట్రాక్‌ను 10 డెసిబెల్స్ తక్కువలో పెట్టి ఉంచుకోండి. ఇంకొకటి, చాలా ముఖ్యమైనది: మైకు ఉందన్న సంగతి కోచ్ పదినిమిషాల్లో మర్చిపోతాడు. ఏదో ఒక రోజు ఒక బిడ్డ వచ్చి ఆయనతో ఇంటి సంగతి చెబుతుంది. నాన్న తాగి కొట్టాడని చెబుతుంది. మీ చెవిలో అది వినపడుతుంది. ఆ క్షణంలో రికార్డింగ్ ఆపండి, ఆపానని తర్వాత కోచ్‌కి చెప్పండి, ఆ బిడ్డకు సాయం అందేలా ఇద్దరూ కలిసి చూడండి. ఆ మాట తెర మీద ఎంత బలంగా ఉంటుందో మీకు తెలుసు. ఆ బిడ్డ రేపు అదే బడికి పోవాలి.

ఓడిపోయిన పిల్లల్ని వెంటనే ఇంటర్వ్యూ చేయొద్దు. కనీసం మర్నాడు దాకా ఆగండి. "మీ ఇంట్లో అన్నం ఉంటుందా" లాంటి ప్రశ్నలు ఏరోజూ వద్దు. "నిన్నటికి ఈరోజుకి నీకు ఏం వచ్చింది" అని అడగండి, పిల్లలు బంతి తెచ్చి చేసి చూపిస్తారు.

లెక్క. 4కేలో 100 ఎంబీపీఎస్‌తో, అంటే సెకనుకు 100 మెగాబిట్లతో, తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, రోజుకు గంటన్నర, 135 జీబీ. 40 రోజులకు 5,400 జీబీ. రెండు కాపీలు, రెండు వేర్వేరు ఇళ్ళలో. అంత డిస్కు కొనలేకపోతే ఫుల్ హెచ్‌డీలో 50 ఎంబీపీఎస్‌కి దిగండి, సగమవుతుంది, చూసేవాళ్ళకు ఏ లోటూ ఉండదు.

ఎపిసోడ్లు మ్యాచ్‌ల వెంట నడపొద్దు, ఏడాది వెంట నడపండి. జూన్‌లో బళ్ళు తెరిచి పేర్లు రాసుకోవడం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, నల్లరేగడి కాలికి అంటుకుని వారాలపాటు గ్రౌండ్ పనికిరాదు. అప్పుడు కోచ్ వరండాలో ఏం చేయిస్తాడు, పిల్లల్ని ఎట్టా కలిపి ఉంచుతాడు, అదొక పూర్తి ఎపిసోడ్. సంక్రాంతి తర్వాత ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలు, పదో తరగతి పిల్లల్ని ఇంట్లోవాళ్ళు ఆపేయడం. హాజరు పుస్తకం ప్రతి ఎపిసోడ్ మొదట్లోనూ తెరుచుకోవాలి. ఎడిటింగ్ పూర్తయిన ఎపిసోడ్ బయటికి వదిలే ముందు ఆ ఊరి తల్లిదండ్రులకు బడిలోనే తెర కట్టి చూపించండి. ఎవరైనా ఒక దృశ్యం వద్దంటే తీసేయండి.

రేపు పొద్దున 6 గంటలకు గ్రౌండ్ దగ్గర అందరం కలుస్తున్నాం. కెమెరావాళ్ళు ఒక కెమెరా, ఒక మైకు తెస్తే చాలు. రేపు గోల్ ఒక్కటి కూడా తీయకండి. నీళ్ళ విరామాలు రెండూ మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా తీసుకురండి, సాయంత్రం ఇక్కడే కూర్చుని అందులో ఏం పట్టుకున్నామో, ఏం జారవిడిచామో చూద్దాం. పీఈటీ సార్లు, మనకు 4వ సైజు బంతులు 8 కావాలి, ఇక్కడ 6 ఉన్నాయి, రెండింట్లో గాలి లేదు. పంపు, రెండు పిన్నులు, ముగ్గుపిండి ఎవరు తెస్తారో చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను.